నీలం గీతలు, ఎర్ర గీతలు

మొన్న ఆదివారం మా మేనకోడలు జుట్టుకు వేసుకునే రంగు సీసా మూత తీయగానే, హాల్లో కూర్చున్న నాకు ఆ ఘాటు తగిలి కళ్ల వెంట నీళ్లు తిరిగాయి. ‘‘అమ్మోనియా లేనిది అడిగితే ఇది అంటగట్టారు అత్తమ్మా, కిటికీ తెరవనా?’’ అంది. వద్దన్నాను. హైదరాబాద్ నగరానికి నీళ్లు ఎటు నుంచి రావాలో, వాడిన నీళ్లు ఎటు పోవాలో కాగితం మీద గీసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో, అమ్మోనియా ప్రింట్లు తీసే చీకటి గది పక్కనే నా బల్ల ఉండేది. ఆ ఘాటుకు మొదట్లో తలనొప్పి వచ్చేది, తరవాత అలవాటైంది, ఆ తరవాత సెలవు రోజున అది లేకపోతే ఏదో వెలితిగా అనిపించే దశకు చేరింది.

పటాలను సిరాతో నకలు గీసే ట్రేసరుగా నేను చేరిన డ్రాయింగు విభాగం ఒక పొడవాటి హాలు. పెద్ద కిటికీలన్నీ ఉత్తరం వైపే ఉండేవి. నేరుగా ఎండ పడని ఆ వెలుతురులో గీత స్పష్టంగా కనిపిస్తుంది. వేసవిలో సైతం ఫ్యాను వేయడానికి వీల్లేదు, వేస్తే కాగితాలు లేచిపోతాయి. వేయకపోతే చేతికి చెమట పట్టి ట్రేసింగ్ గుడ్డ మీద మచ్చ పడుతుంది, ఒక్క చుక్క రాలినా ఆ మేరకు గుడ్డ ముడుచుకుపోతుంది. అందుకని మణికట్టు కింద రుమాలు పరచుకుని, గుడ్డ మీద సుద్దపొడి చల్లి తుడిచి, ఊపిరి బిగబట్టి సిరా పెన్నుతో గీసేవాళ్లం. ఊరికి నీళ్లిచ్చే పటాలు గీసే ఆ హాల్లో మంచినీళ్ల సీసాకు బల్లల దరిదాపుల్లోకి ప్రవేశం లేదన్న సంగతి మాకు రోజూ నవ్వు తెప్పించేది. గీత తప్పితే రబ్బరు పనికిరాదు. సగానికి విరిచిన బ్లేడుతో పైనున్న సిరా పొరను మాత్రమే, కింద గుడ్డ దెబ్బతినకుండా గీకి తీయాలి. ఆ చప్పుడు, చెక్క నేల మీద స్టూళ్లు జరిపే చప్పుడు, చీకటి గదిలో యంత్రం తిరిగే చప్పుడు తప్ప మధ్యాహ్నం దాకా ఇంకేమీ వినిపించేది కాదు.

గీసిన గుడ్డను పసుపు పూత ఉన్న కాగితం మీద పరచి వెలుతురు చూపించి, ఆ కాగితాన్ని అమ్మోనియా ఆవిరిలోకి పంపితే, గీతలున్న చోట మిగిలిన పూత ఊదారంగులో తేలేది. ఆ ప్రింటు మీద రంగులు మేమే చేత్తో దిద్దేవాళ్లం. మంచినీటి గొట్టాలకు నీలం, మురుగు గొట్టాలకు ఎరుపు. వాననీళ్లు పోయే నాలాలకు మా దగ్గర రంగంటూ లేదు. అవి మా పద్దు కిందికి రావు కాబట్టి ప్రింటులో ఎలా పడితే అలా వదిలేసేవాళ్లం. కొత్త కాలనీ పటం వచ్చినప్పుడల్లా మొదట నీలం గీత పడేది. ఎర్ర గీత పడడానికి ఏళ్లు పట్టేది. కొన్ని కాలనీల్లో నేను పదవీ విరమణ చేసే నాటికి కూడా పడలేదు.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు నిజాం రాజ్యం చివరి రోజుల్లో కుర్రవాడిగా నౌకరీలో చేరినవారు. నన్ను ‘బేటీ’ అని పిలిచేవారు. ‘‘ముందు ఉత్తరం ఎటో గీయి బేటీ, ఊరు తరవాత’’ అనడం ఆయన మొదటి పాఠం. ఏ కొత్త పథకం కాగితాలు వచ్చినా బీరువా తీసి, 1912–15 మధ్య లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన నగర సర్వే పటాల నకళ్లు బయటపెట్టేవారు. వాటిలో గల్లీలు, ప్రహరీలు, ఇళ్ల ఆవరణల్లోని బావులు కూడా గీసి ఉండేవి. ‘‘ఈ బావి మీద ఇప్పుడు సినిమా హాలుంది, కానీ వాన కురిస్తే నీళ్లు పాత దారే వెతుక్కుంటాయి’’ అని వేలు పెట్టి చూపించేవారు. ఆ మాట ఎంత నిజమో తెలియడానికి నాకు రెండు వరదలు చూడవలసి వచ్చింది.

*

నా చిన్నతనం కాచిగూడలో గడిచింది. మా ఇంటి నల్లా వాకిట్లో, నేలకు జానెడు ఎత్తులో ఉండేది. ఎత్తులో పెడితే ధార సన్నబడుతుందని అందరూ అలాగే కిందికి పెట్టించుకునేవారు. తెల్లవారుజామున నీళ్లు రావడానికి ముందు గొట్టంలోంచి గాలి బుసకొట్టేది. ఆ బుస వినగానే మా అమ్మ లేచేది, ఆ వెనకే పక్కింటి పిన్నిగారి బిందె చప్పుడు, ఎదురింటి హౌదు మూత జరిపిన చప్పుడు వినిపించేవి. కాసేపటికి గల్లీ అంతా రాగి బిందెల మోతతో నిండిపోయేది. మొదటి రెండు బిందెలు మొక్కలకు, తరవాత తాగడానికి, ఆఖరుకు వాడకానికి. నీళ్లు ఆగిపోయాక ఆ గొట్టమే లోపలికి గాలి పీల్చుకుంటూ గురకపెట్టేది. మోటార్లు గొట్టానికి బిగించి పక్కవాళ్ల వాటా లాగేసుకునే విద్య అప్పటికి మా గల్లీకి రాలేదు.

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకునేవారు. మా నానమ్మకు ఆ గర్వంతోపాటు భయం కూడా ఉండేది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పటి కథ ఆమెకు వాళ్ల అత్తగారు చెప్పినది. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందని చెబుతూ, మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ చెట్టుకు దండం పెట్టించేది. మూసీ వంతెన మీద నడుస్తుంటే నదిలో నీళ్లు ఒక పాయగా, సన్నగా కనిపించేవి. ఇంత చిన్న నదికి అంత భయమెందుకని నేను అడిగితే, ‘‘అది చిన్నగా లేదే, పట్టి ఉంచారు’’ అనేది.

ఎవరు, ఎలా పట్టి ఉంచారో ఉద్యోగంలో చేరాక తెలిసింది. వరద మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలోని శిథిలాలతో సరిపెట్టుకోకుండా నదికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతాన్నంతా లెక్కగట్టారు. అందులో 788 చెరువులున్నాయని, పెద్ద వానకు ఒకదాని వెనక ఒకటిగా వందల చెరువులు తెగడం వల్లే వరద అంత ఉద్ధృతమైందని తేల్చారు. అందుకే ఆయన సూచించిన పరిష్కారం ఊరి బయట, ఎగువన మొదలైంది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మేమంతా గండిపేట అనేది దీన్నే) 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలే ఊరికి తాగునీరు ఇచ్చాయి; గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్‌లో నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు పంపు అవసరం లేకుండా వాలు మీదే వచ్చేవి. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను, రోడ్లను చూసుకుంటే, మురుగు గొట్టాల పథకం ఆ వెనకే నడిచింది. రాచరికపు పథకం కాబట్టి దానికి దాని లోపాలూ ఉన్నాయి, బస్తీలు ఖాళీ చేయించినప్పుడు పేదవాళ్ల మాట ఎవరూ అడిగి ఉండరు. అయినా వరద, తాగునీరు, మురుగు అనే మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి ఆలోచించిన పటం నాకు ఆ తరవాతి కాలంలో మళ్లీ కనిపించలేదు.

*

మా ఆఫీసు బీరువాల్లో పటాలెన్ని ఉన్నా, రోడ్ల కింద నిజంగా ఏముందో తెలిసినవాడు లైన్‌మన్ తాత. ఆయన పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. పాత సైకిలు మీద, కడ్డీకి సమాంతరంగా కట్టిన పొడవాటి వాల్వు తాళంతో, తెల్లవారకముందే బస్తీల్లో తిరిగేవాడు. మంజీర రెండో దశ నీళ్లు 1981లో వచ్చాక, పాత గొట్టాలు కొత్త గొట్టాలతో ఎక్కడెక్కడ కలిశాయో సరిచూసి పటాలు దిద్దవలసిన పని పడింది. ఆడపిల్ల ఫీల్డుకు ఎందుకని కొందరు అడ్డుచెప్పారు. పటం గీసేవాళ్లు గొట్టం చూడకపోతే ఎలాగని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు నన్నే పంపారు.

ముషీరాబాద్ దగ్గర ఒక గల్లీ మొదట్లో తాత సైకిలు ఆపి, రోడ్డు మీద ఏ గుర్తూ లేని చోట చెప్పుతో నేలను రాసి, ‘‘ఇగో, ఈడ ఉన్నది’’ అన్నాడు. గునపంతో తారు పెళ్ల లేపితే దాని కింద ఇంకో తారు, దాని కింద మట్టి, ఆ కింద ఇనుప మూత. రోడ్డు వేసిన ప్రతిసారీ మూత మీదనుంచే వేసుకుంటూ పోయారు. మా పటంలో ఆ వాల్వు ఎదుటి గోడ పక్కన ఉంది. ఆ గోడ ఎప్పుడో కూలిపోయి వెనక్కి జరిగింది, పటంలో కొలత మాత్రం పాత గోడ నుంచే మిగిలింది. నేను స్కేలు పెట్టి కొలుస్తూ ఉంటే, ఆయన ఆ పక్క కరెంటు స్తంభం నుంచి, మసీదు మెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి నా పుస్తకంలో రాయించాడు. కదలని వస్తువుల నుంచే కొలవాలన్నది ఆయన సూత్రం. స్తంభాలను కూడా ఆయన పెద్దగా నమ్మేవాడు కాదు.

ఇంకో చోట నేల మీద తడి లేకపోయినా లోపల గొట్టం పగిలిందన్నాడు. ఇనుప ఊచను రోడ్డుకు ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. తరవాత నాకిచ్చి, ‘‘ఇను బిడ్డా, లోపట బుస కొడుతున్నది’’ అన్నాడు. మొదట నాకు నా చెవి హోరు తప్ప ఏమీ వినపడలేదు. అటు నుంచి పాలబండి వెళ్లిపోయాక, చాలా లోతునుంచి, ఆగకుండా వస్తున్న సన్నటి చప్పుడు అందింది. తవ్విస్తే చూపుడువేలు పట్టేంత రంధ్రం కనిపించింది; ఆ నీళ్లు పక్కనున్న మురుగు గొట్టంలోకి చక్కగా దారి చేసుకుని వెళ్లిపోతున్నాయి, అందుకే పైకి తడి రాలేదు. నీళ్లు ఆగిన వేళ అదే రంధ్రం గుండా మురుగు లోపలికి వస్తుందని, ఆ గల్లీలో పిల్లలకు కామెర్లు ఎందుకు వస్తున్నాయో పెద్ద సార్లకు ఎన్నిసార్లు చెప్పినా పైపు మార్చే మంజూరు రాలేదని ఆయన చెప్పాడు. రోజుకు కొన్ని గంటలు మాత్రమే నీళ్లిచ్చే ఏ ఊళ్లోనైనా ఉండే జబ్బు ఇది: గొట్టం నిండుగా ఉన్నంతసేపు నీరు బయటికి కారుతుంది, ఖాళీ అయ్యాక మురుగును లోపలికి పీలుస్తుంది. నిరంతరం నీరివ్వాలన్న కోరిక విలాసం కాదని నాకు ఆ గుంట పక్కన నిలబడ్డప్పుడే అర్థమైంది.

తాత పదవీ విరమణ చేసిన రోజు పూలదండ వేసి, గొడుగు బహూకరించి పంపారు. ఆయనకు తెలిసినదంతా రాయించుకోవడానికి ఎవరినైనా ఒక ఏడాది ఆయన వెంట తిప్పి ఉంటే, ఆ తరవాత ఎన్ని రోడ్లు తవ్వకుండా మిగిలేవో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన స్థానంలో వచ్చిన కాంట్రాక్టు కుర్రాడికి మొదటి వారం వాల్వులు చూపించినది ఆ బస్తీ ఆడవాళ్లే.

*

పెళ్లయ్యాక మా కాపురం చిలకలగూడ వైపు. ఆఫీసుకు ఏడో నంబరు డబుల్ డెక్కర్ బస్సులో ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లేదాన్ని. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఆ రోజు పండగే. హుస్సేన్‌సాగర్ మీద ఉదయపు గాలి ముఖానికి కొట్టేది. శీతాకాలంలో నీళ్ల మీద పొగమంచు కనిపించేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాలిలో వాసన చేరింది. మొదట వేసవిలో మాత్రమే ముక్కు మూసుకునేవాళ్లం, తరవాత కార్తికంలో కూడా కండక్టరు కిటికీలు దించమనేవాడు. గండిపేట రాకముందు ఈ ఊరికి తాగునీరిచ్చిన చెరువు అది. కూకట్‌పల్లి నాలా ద్వారా కాలనీల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు నేరుగా వచ్చి దానిలో పడుతున్నాయన్నది మా హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. మేము నీలం గీతలు గీసిన కాలనీలే అవి. ఇంటింటికీ ఇచ్చిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క వేసుకోవాలని ఇంజినీరింగు మాన్యువల్లోనే ఉంటుంది. అంటే ప్రతి నీలం గీతకు ఎర్ర గీత అప్పుగా రాసి ఉంటుంది. ఆ అప్పు ఎవరూ తీర్చకపోతే వడ్డీతో సహా చెరువు తీర్చింది.

డబుల్ డెక్కర్లు 2003 ప్రాంతంలో ఆగిపోయాయి. అదే ఏడాది ఎంఎంటీఎస్ రైళ్లు వచ్చాయి, 2017లో మెట్రో వచ్చింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ప్రయాణం గురించి రాయడానికి నాకన్నా తెలిసినవారు ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. పైన కనిపించే వంతెనకు ప్రారంభోత్సవం ఉంటుంది కాబట్టి డబ్బు దొరుకుతుంది. మురుగు గొట్టానికి శంకుస్థాపన చేసిన నాయకుడి ఫొటో మా ఆఫీసు గోడ మీద నేనెన్నడూ చూడలేదు.

*

లేఅవుట్ పటాలు మా దగ్గరికి నీటి కనెక్షన్ల అంచనా కోసం వచ్చేవి. చెరువు పక్కన ప్లాట్లు వేస్తే ఆ పటంలో చెరువు గట్టు, అలుగు, తూము, చెరువు నిండితే మునిగే శిఖం భూమి హద్దు ఉండాలి. మొదటిసారి వచ్చినప్పుడు అన్నీ ఉండేవి. కొన్నేళ్లకు అదే సర్వే నంబరు పక్కన ఇంకో లేఅవుట్ వచ్చేది, అందులో చెరువు హద్దు చుక్కల గీతగా మారేది. మూడో పటంలో ఆ చుక్కల గీత లోపల కూడా ప్లాట్లు ఉండేవి, చెరువు ఒక మూలకు జరిగేది, అలుగు నుంచి కిందికి పోయే కాలువ ‘30 అడుగుల రోడ్డు’ అయ్యేది. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు పేరుకే మిగిలినట్టు, చాలా చోట్ల కుంటలు బస్సు స్టాపుల పేర్లలో మాత్రమే నిలిచాయి. నాకిచ్చిన పటాన్ని ఉన్నదున్నట్టు ట్రేస్ చేయడమే నా ఉద్యోగం. తేడా కనిపించిన ప్రతిసారీ పెన్సిలుతో అంచున ప్రశ్నార్థకం పెట్టి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారికి చూపిస్తే, ఆయన నోట్ రాసి పైకి పంపేవారు. ఆ నోట్లు ఫైలులో భద్రంగా ఉండేవి, లేఅవుట్లు భద్రంగా మంజూరయ్యేవి.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి నడిచే వెళ్లాను, నడుము లోతు నీళ్లలో కొంత దూరం, గోడలు పట్టుకుని కొంత దూరం. రోడ్డు మీద సుడి తిరుగుతున్న చోటల్లా కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండవచ్చని తెలుసు కాబట్టి, నా వెనక వస్తున్న కాలేజీ పిల్లలను కేకలేసి అటు రానివ్వలేదు. మర్నాడు ఏయే బస్తీలు మునిగాయో టెలిఫోన్లలో వివరాలు వస్తుంటే, మా హాల్లో ఎవరో బీరువా తీసి పాత సర్వే నకళ్లు బల్ల మీద పరిచారు. మునిగిన చోట్లలో ఎన్నో ఆ పటాల్లో నాలాలుగానో, కుంటలుగానో కనిపించాయి. పెద్దాయన అప్పటికి లేరు. ఉంటే ‘చెప్పానా’ అని కూడా అనేవారు కాదు. తరవాత నాలాలు వెడల్పు చేయాలని అధ్యయనాలు జరిగాయి, నివేదికలు వచ్చాయి, ఎర్ర పెయింటుతో ఇళ్ల గోడల మీద మార్కింగులు వేశారు. ఆ మార్కింగుల మీద మళ్లీ సున్నాలు పడ్డాయి.

ఇరవయ్యేళ్ల తరవాత, 2020 అక్టోబరులో, నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని అదే చూశాను. పల్లెచెరువు, గుర్రంచెరువు గట్లు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయని చెబుతుంటే, ఎగువ చెరువులు తెగితే దిగువకు ఏమవుతుందో విశ్వేశ్వరయ్య చెప్పి నూరేళ్లు దాటిందని గుర్తొచ్చింది. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థలో ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరాలి. మధ్యలో కాలువ పోతే చెరువు ఉన్నా ప్రయోజనం సగమే, కొన్నిసార్లు ప్రమాదం రెట్టింపు. మరుసటి ఏడు నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం వచ్చింది, 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆక్రమణలు తొలగించేటప్పుడు పేదవాడి రేకుల ఇల్లు ఒక్క పూటలో పోతుందని, పెద్దవాళ్ల భవనానికి మాత్రం స్టే దొరుకుతుందని బస్తీల్లో వినిపించే మాటను నేను కొట్టిపారేయలేను. కాగితాలు చూసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, అప్పు తెచ్చి కట్టుకున్నవాడికి ఆ కాగితం ఇచ్చినవాళ్లలో ఎవరికీ ఏమీ కాకపోవడం కూడా న్యాయం కాదు. అయినా అంబర్‌పేటలోని బతుకమ్మకుంట పూడిక తీసి, 2025లో మళ్లీ నీళ్లతో తెరిచారని చదివిన రోజున, అడిగి మరీ మేనల్లుడి బండి ఎక్కి వెళ్లి చూసి వచ్చాను. ఒకసారి పోయిన చెరువు తిరిగి పటంలోకి రావడం నా ఉద్యోగకాలంలో ఎన్నడూ చూడని వింత.

*

నగరం పెరిగేకొద్దీ నీళ్ల కోసం దూరం వెళ్లింది. మంజీర తరవాత సింగూరు, ఆ తరవాత నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి కృష్ణ మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో. అదే ఏడాది ఎల్లంపల్లి నుంచి గోదావరి. గండిపేట నీళ్లు వాలు మీద నడిచి వచ్చేవి, కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి పంపులతో ఎత్తి తేవాలి. మా నల్లా బిల్లులో కరెంటు బిల్లు కూడా దాగి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపి మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు, మా హాల్లో పటాలు పరచడానికి బల్లలు చాలలేదు. అప్పటికే కంప్యూటర్లు వచ్చాయి. సిరా పెన్నులు, బ్లేడ్లు, సుద్దపొడి డబ్బాలు వేలం వేశారు; అమ్మోనియా యంత్రాన్ని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చారు. కొత్తగా చేరిన పిల్లలు తెర మీద గీసిన పటం ఎంత పెద్దది చేసినా గీత చెక్కు చెదరకపోవడం చూసి నేను నిజంగానే అబ్బురపడ్డాను. కానీ వాళ్లు ఎక్కించిన కొలతలు పాత పటాలవే కదా. ముషీరాబాద్ వాల్వు పాత గోడ పక్కనే మళ్లీ దిగబడకుండా ఉండాలని నా నోటు పుస్తకం వాళ్లకు అప్పగించి వచ్చాను.

ఎర్ర గీతల విషయంలో కాస్త కదలిక వచ్చిందని ఒప్పుకోవాలి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం, నాగోలులో ఇంకొకటి ఉండగా, 2021లో 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు కట్టాలని నిర్ణయించారు. అదే ఏడాది నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కూడా మొదలైంది. ఉచితం గురించి పత్రికల్లో పేజీలు నిండాయి, శుద్ధి కేంద్రాల వార్త లోపలి పేజీలో ఒక మూలకు చేరింది. గోదావరి నుంచి మల్లన్నసాగర్ మీదుగా ఇంకో 20 టీఎంసీలు తెచ్చి, అందులో కొంత మూసీకి విడుదల చేస్తామని ఇప్పుడు అంటున్నారు. నదిలో మంచినీళ్లు పారితే సంతోషించనివాళ్లు ఎవరుంటారు? కాకపోతే ఎగువ కాలనీల మురుగు నదిలో కలవకుండా ఆపే గొట్టాలు ముందు పడాలి, తీరంలో పార్కులు తరవాత రావాలి. ఆ వరస తారుమారైతే గోదావరి నుంచి ఎత్తిపోసిన ఖరీదైన నీళ్లు మురుగును పలుచన చేయడానికి మాత్రమే పనికివస్తాయి.

*

మేమిప్పుడు ఉంటున్న అపార్టుమెంటు వెనక ఒక చిన్న చెరువుంది. దాని పూర్తి నీటిమట్టం హద్దును నిర్ధారిస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చారని, అభ్యంతరాలుంటే తెలపవచ్చని వాచ్‌మన్ చెబితే, కళ్లజోడు మార్చుకుని ఆ పటం తెరిపించాను. చక్కటి పటం. ఉత్తరం గుర్తు ఉంది, సర్వే నంబర్లున్నాయి, హద్దు రాళ్ల స్థానాలున్నాయి. చుట్టూ కట్టడాలు రాకుండా వదలవలసిన 9 మీటర్ల బఫర్ కూడా గీశారు. కానీ చెరువులోకి నీళ్లు వచ్చే కాలువ మా ప్రహరీ గోడ దాకా వచ్చి ఆగిపోయింది, అలుగు నుంచి కిందికి పోవలసిన కాలువ అసలు గీయనే లేదు. అలుగు పారితే ఆ నీళ్లు ఎటు పోవాలో ఆ పటం చెప్పదు. మా కింది అంతస్తులో పెద్ద వాన పడిన ప్రతిసారీ కార్లు ఎందుకు తడుస్తున్నాయో మాత్రం అది చెప్పకనే చెబుతోంది.

చాలా కాలం తరవాత స్కేలు పట్టుకున్నాను. రెవెన్యూ గ్రామ పటం నకలు తీయించి, దానిలో కాలువ ఉన్న చోటును నోటిఫికేషన్ పటం మీద పెన్సిలుతో గీసి, కదలని గుర్తుల నుంచి కొలతలు వేసి, ఒక పేజీ అభ్యంతరం రాశాను. చెరువు హద్దుతోపాటు దానిలోకి వచ్చే కాలువను, దాని నుంచి పోయే కాలువను కూడా నోటిఫై చేయాలని, మా అపార్టుమెంటు మురుగు ఏ గొట్టంలో కలుస్తోందో తనిఖీ చేసి ఆ ఎర్ర గీతను కూడా అదే పటంలో చూపాలని అడిగాను. ఆ రెండో వాక్యం చదివాక మా మేనకోడలు ‘‘అత్తమ్మా, మన మీద మనమే ఫిర్యాదా?’’ అని నవ్వి, ముందుగా తానే సంతకం పెట్టింది. కింది అంతస్తువాళ్లు అడగకుండానే పెట్టారు. అసోసియేషన్ అధ్యక్షులవారు మాత్రం, ఆ కాలువ కాగితం మీదికి వస్తే విజిటర్స్ పార్కింగు పోతుందేమోనని, సంతకం సంగతి వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.